ఇరవై నాలుగో పేరు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఇప్పుడు దాచి ఏం లాభం? పెళ్ళై నగరికి కాపురానికి వచ్చిన నాడు, హారతి పళ్ళెం పట్టుకుని ఆమె గడపలో నిలబడింది. చెవులకు ఏడు రాళ్ళ కమ్మలు. ఆమె తల ఆడించినప్పుడల్లా గోడ మీద వెలుగు చుక్కలు ఆడాయి. నావి ఒంటి రాయి దిద్దులు. ఆమె నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను, కానీ నా కళ్ళు ఆ కమ్మల్ని వదల్లేదు. ఇరవై రెండేళ్ళయింది. వదల్లేదు.

ఆమె మొగుడు మా ఆయనకు అన్న. అన్నదమ్ములిద్దరూ కలిసి నాలుగు కరెంటు మగ్గాలు నడిపేవాళ్ళు. వేరు పడ్డప్పుడు తలా రెండు పంచుకున్నారు. మావి ఇప్పటికీ రెండే. వాళ్ళవి పన్నెండయ్యాయి. షెడ్డుకు రేకులు పోయి స్లాబు వచ్చింది, ఇంటి మీద ఇంకో ఇల్లు లేచింది, వాకిట్లో కారు నిలబడింది. ఆ మేడ మెట్లకు నాపరాయి పరుస్తున్న రోజు నేను అన్నం తినలేదు. తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. మా ఆయనకు తెలుసు. "నీ కడుపుమంటతో మగ్గాలు తిరిగేటట్లయితే, మనకు కరెంటు బిల్లు మిగిలుండేది మే" అన్నాడు. ఆ మాటకు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అక్క అనే పిలిచేదాన్ని ఆమెను. నోట్లో నాలుక లేని మనిషి. అదీ నాకు మంటే. డబ్బున్న మనిషి కాస్త పొగరుగా ఉంటే తిట్టుకోవడానికి బాగుంటుంది. ఈమె పండగకు అరిసెలు చేస్తే మొదటి డబ్బా మా ఇంటికే పంపేది. ఆ అరిసెలు బాగుండేవి కూడా. తింటూ తిట్టుకునేదాన్ని.

అలాంటి అక్క ఒక మధ్యాహ్నం పెరటి వైపు నుంచి మా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. నూలు వ్యాపారి సరుకు ఆపేశాడని, పాత బాకీ కడితేనే బేళ్ళు దించుతానన్నాడని చెప్పింది. "పాపా, నీ తావ ఏమన్నా ఉంటే సర్దుతావా? ఆరు నెలలు" అంది.

నా దగ్గర ఉంది. పావడాలు కుట్టి, చీటీలు కట్టి కూడబెట్టిన రెండు లక్షల ఎనభై వేలు. మా అమ్మాయి తిరుపతిలో నర్సింగు చదువుతోంది, చివరి రెండేళ్ళ ఫీజుకని దాచింది. ఇంకెవరు అడిగినా ఇచ్చేదాన్ని కాను. కానీ అడిగింది అక్క! మేడ మెట్లు దిగి, వీధిలో ఎవరికీ కనపడకుండా, నా వంటింటికి వచ్చి, నా ముందు పీట మీద కూర్చుని అడిగింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా కలగలేదేమో. పాపిష్టిదాన్ని, ఉన్నమాటే చెబుతున్నాను.

ఇంటి ఆడవాళ్ళ మధ్య ప్రోనోటు రాసుకునే అలవాటు మాలో లేదు. నోటు అడిగితే మనిషిని అవమానించినట్టు. దేవుడి పటాల ముందు తమలపాకు మీద డబ్బు పెట్టి ఇస్తాం, తీసుకున్నవాళ్ళు కళ్ళకద్దుకుంటారు, అదే మాకు కాగితం. అక్క కూడా కళ్ళకద్దుకుంది. కమ్మలు తళుక్కుమన్నాయి.

ఆరు నెలలు రెండేళ్ళయ్యాయి. లుంగీలు కొనే వ్యాపారి సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడని, నూలు ధర పెరిగిందని, బ్యాంకువాళ్ళు ఇంటికి వస్తున్నారని వింటూనే ఉన్నాం. కారు పోయింది. పన్నెండు మగ్గాల చప్పుడు ఆరుకు తగ్గింది, తర్వాత మూడుకు. నేను లెక్కపెట్టేదాన్ని, గోడ అవతలి నుంచి వినపడుతుంది కదా. ఒక రోజు అసలు చప్పుడే లేదు. సాయంత్రానికి వీధంతా ఒకటే మాట: "పెద్దోళ్ళు ఐపీ పెట్టేసినారంట!"

మా వైపు ఐపీ అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పులు తీర్చలేం, దివాలా తీశాం అని కోర్టులో కాగితం పెట్టడం. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో జాబితా రాసి ఇస్తారు, ఆ జాబితాలో ఉన్నవాళ్ళందరికీ కోర్టు నుంచి నోటీసు వస్తుంది.

విన్న నిమిషం నాకు లోపల చల్లగా అనిపించింది. మేడ మెట్లు గుర్తొచ్చాయి. ఇరవై రెండేళ్ళు కళ్ళలో నిప్పులు పోసుకున్నదాన్ని, ఆ ఒక్క నిమిషం చల్లబడ్డాను. మరు నిమిషం మా అమ్మాయి ఫీజు గుర్తొచ్చింది.

మా ఆయన అన్నగారి దగ్గరికి వెళ్ళి ఏమీ అడగకుండా తిరిగొచ్చాడు. "ఆయప్ప మొగం సూడలేకపోతిని. ఏం అడిగేది?" అన్నాడు. నేను కూడా వెళ్ళలేదు. ఆమే రావాలి, వచ్చి చెప్పుకోవాలి అని బిగుసుకుని కూర్చున్నాను. అక్క రాలేదు.

తర్వాత వారం నుంచి కవర్లు రావడం మొదలయ్యాయి. పోస్టుమాన్ రోజూ మధ్యాహ్నం రెండు మూడు ఇళ్ళ ముందు సైకిల్ ఆపి సంతకాలు పెట్టించుకునేవాడు. కిరాణా అంగడికి వచ్చింది. పాలామెకు వచ్చింది. ఎదురింటామెకు వచ్చింది.

ఈ ఎదురింటామె గురించి చెప్పాలి. ఆమె, అక్క స్నేహితులు. ఇద్దరూ కలిసి శుక్రవారం గుడికి వెళ్ళేవాళ్ళు. నన్ను పిలిచేవాళ్ళు, నేను పోయేదాన్ని కాను, పోలేదని మళ్ళీ ఏడ్చేదాన్ని. ఆమె అక్కకు లక్షన్నర ఇచ్చింది. కవరు వచ్చిన రోజు ఆమె దాన్ని చేత్తో పట్టుకుని వీధి నడుమ నిలబడి, "సూడండమ్మా, నాకు గూడా పంపినారు! లక్షన్నర మే, లక్షన్నర!" అని నెత్తి కొట్టుకుంది. నష్టపోయిన మనిషే, కాదనను. కానీ ఆ గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది. పెద్దింటివాళ్ళు తనకు బాకీ అని కోర్టే ఒప్పుకున్నట్టు.

"నీకు యాడ? రాలేదా?" అని నన్ను అడిగింది.

"రేపొస్తుందిలే" అన్నాను.

రేపు రాలేదు. ఎల్లుండి రాలేదు. పోస్టుమాన్ కనపడగానే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. "నీకు లేదమ్మా" అని ఆయన మొదట్లో చెప్పేవాడు, తర్వాత చెయ్యి ఊపేవాడు, తర్వాత నన్ను చూసి దూరం నుంచే తల అడ్డంగా తిప్పేవాడు. ఆయన తల తిప్పినప్పుడల్లా ఎదురింటామె గడపలో నుంచి చూస్తూ ఉండేది.

"ఇల్లు అమ్మి, పేరున్నోళ్ళకంతా కోర్టోళ్ళు పంచుతారంట" అంది ఒక రోజు. "నీ పేరు లేకపోతే నీకేమొస్తాది పాపం."

పాపం అంట! ఒళ్ళు భగ్గుమంది.

ఆ ఆదివారం మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. ఫోనులో కోర్టుల వెబ్‌సైటు తెరవమన్నాను. బావగారి పేరు కొట్టి, సంవత్సరం పెట్టి, కేసు రకంలో ఐపీ అని నొక్కితే దొరికింది. బావగారి పేరు, కేసు నంబరు, వాయిదా తేదీ అన్నీ ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చట. జాబితా మాత్రం అందులో లేదు. మొదటి పేరు ఒకటి ఉండి, పక్కన "మరియు ఇతరులు" అని ఉంది.

"అమ్మా, పెద్దమ్మనే అడగరాదా? గోడ పక్కనే గదా ఉండేది" అంది మా అమ్మాయి.

"నువ్వు గమ్మునుండు. నీ ఫీజు గురించే నా ఏడుపంతా" అన్నాను. అందులో సగమే నిజం. ఆ ఇతరుల్లో నేను ఉన్నానా లేదా, అదీ నాకు కావలసింది.

సోమవారం బస్సెక్కి పుత్తూరు కోర్టుకు వెళ్ళాను. కోర్టు ముందు చెట్ల కింద బల్లలు వేసుకుని వకీళ్ళు కూర్చుంటారు. తెల్ల మీసాల వకీలు ఒకాయన నా మాట విని, స్టాంపులు అంటించి కాపీకి అర్జీ పెట్టించాడు. నాలుగు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. కాగితాలు చేతిలో పెట్టాడు. చెట్టు కింద నిలబడే చదివాను.

ఇరవై మూడు పేర్లు. మొదట బ్యాంకు. రెండు నూలు వ్యాపారి. ఏడు ఎదురింటామె. పదకొండు పాలామె. ఇరవై మూడు, మా వీధి చివర పూలమ్మే ముసలామె, పద్దెనిమిది వందలు. మూడుసార్లు చదివాను, వేలు పెట్టి చదివాను. పూలమ్మే ఆమెకు కోర్టులో నంబరుంది. నాకు లేదు.

రెండు లక్షల ఎనభై వేలు ఇచ్చినదాన్ని, ఆ ఇంటి కోడల్ని. ఎదురింటామె గుర్తుంది, పూలామె గుర్తుంది, నేను గుర్తు లేను! నోటు లేదు కదా, ఇది ఏం చేస్తుందిలే అనుకుంది. అంతేనా? ఇరవై రెండేళ్ళుగా అరిసెల డబ్బాలు పంపింది ఇందుకేనా? ఆ చెట్టు కిందే ఏడ్చాను. వకీలు నీళ్ళ సీసా ఇచ్చాడు.

"నా పేరు అందులో ఎక్కించాల సార్" అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టాడు. "అమ్మా, నీకు బాకీ లేదని వాళ్ళు నోటితో చెప్పినారా? ఆ ఇంటామెను ఒక మాట అడిగినావా, ఎందుకు వదిలేసినారని?"

"అడిగేదేముంది సార్. నేనంటే లెక్కలేదు."

"కొంతమంది తెలిసే వదిలేస్తారమ్మా. ఐపీలో పేరుండడం అంటే..."

"నాకు అవంతా వద్దు సార్. నా పేరు ఎక్కాల."

ఆయన చెప్పబోయింది నేను విననే లేదు. నన్ను కూడా అప్పిచ్చినవాళ్ళలో చేర్చమని అర్జీ రాశాడు. ఫలానా నెలలో ఇంత ఇచ్చాను, అందుకు మా ఆయన, మా అమ్మాయి సాక్షులు అని ప్రమాణపత్రం. చదివి వినిపించాడు, సంతకం పెట్టాను. ఫీజు మూడు వేలు అన్నాడు. ఇచ్చాను. బస్సులో తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చుని, కోర్టులో నా పేరు పిలిచినప్పుడు అక్క ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. బాగుంది ఆ ప్రయాణం. అదీ చెప్పాలి.

మా ఆయనకు చెబితే, "ఇంటి పరువు బజారుకీడిస్తివి గదే" అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం కుట్టుమిషను మీద ఉన్నాను. పెరటి తలుపు చప్పుడైంది. అక్క. చంకలో గుడ్డ సంచి. వచ్చి అదే పీట మీద కూర్చుంది. నేను మిషను తొక్కడం ఆపలేదు.

"కాలేజీలో ఈ నెలాఖరుకు కట్టాల గదా పాపకు" అంది. సంచి నా ముందు పెట్టింది. "లక్షా పదివేలు ఉండాది. మిగిలింది నెలనెలా ఇస్తా. నేను గూడా కుట్టుపనికి పోతాండా. ఎవురికీ సెప్పొద్దు మే."

అప్పుడు తలెత్తి చూశాను. చెవులు బోసిగా ఉన్నాయి. రంధ్రాలు పూడిపోకుండా చిన్న వేపపుల్ల ముక్కలు గుచ్చుకుంది.

"కమ్మలు?" అన్నాను.

"అమ్మేసినా. మా అమ్మ పెట్టినవి గదా, అవి ఆయప్ప లెక్కలో లేవు." కాస్త నవ్వింది. "నీకు నోటీసు రాలేదని బాధపడినావంట, ఎదురింటామె సెప్పింది. పిచ్చిదానా! వకీలు అడిగినాడు, ఇంట్లోవాళ్ళకి ఏమన్నా ఇయ్యాల్నా అని. లేదని సెప్పించినా. ఆ కాయితంలో పేరెక్కితే అంతే మే, వాళ్ళకు రూపాయి రాదు. ఇల్లు బ్యాంకోళ్ళది. మగ్గాలు అమ్మితే పన్జేసినోళ్ళ కూలికే సాలదు. ఎవురికి ఇయ్యలేనో వాళ్ళ పేర్లు రాయించినా. నీకు ఇయ్యాల అనుకున్నా. ఆ ఇరవై మూడు మంది ముందర నేను తల ఎత్తలేను. నీ ముందరన్నా ఎత్తాలని."

మిషను చక్రం దానంతటదే ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. చెప్పకుండా ఆ సంచి తీసుకుని లోపల పెట్టేసుకుందామా అనే ఆలోచన కూడా వచ్చింది. వచ్చింది, నిజం. కానీ ఆ వేపపుల్లలు చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

"అక్కా, నేను కోర్టులో వేసినా" అన్నాను.

"ఏం వేసినావు?"

"నా పేరు ఎక్కించమని. పుత్తూరు పోయి, కాపీ తీసుకుని, అర్జీ వేసినా. సంతకం పెట్టినా."

నేను ఆమె తిట్టాలని ఎదురుచూశాను. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆమె సంచి మూతి మెల్లగా ముడేసి, మళ్ళీ తన ఒళ్ళోకి లాక్కుంది.

"అట్లయితే ఇయ్యకూడదు మే" అంది. "పేరున్నోళ్ళలో ఒకరికి ఇచ్చి ఒకరికి ఇయ్యకుంటే కేసే కొట్టేస్తారంట. వకీలు పది తూర్లు సెప్పినాడు."

"వాపసు తీసుకుంటా అక్కా! రేపే పోతా. నన్ను తిట్టు."

"తిట్టి ఏం సేసేది? కాఫీ పెట్టు."

కాఫీ పెట్టాను. చక్కెర వేశానో లేదో తెలియదు. ఆమె మొత్తం తాగింది. లేచి, పెరటి వైపు కాకుండా వీధి తలుపు తీసుకుని వెళ్ళింది. ఇంక దాచుకునేదేముంది. ఎదురింటామె గడపలోనే ఉంది. సంచిని చూసింది.

మరుసటి రోజు మొదటి బస్సుకే పుత్తూరు పోయాను. తెల్ల మీసాల వకీలు తల గోక్కున్నాడు. వాపసు తీసుకోవచ్చు గానీ ఏం లాభం లేదన్నాడు. నా అర్జీ కాపీలు జాబితాలో ఉన్న అందరికీ అప్పటికే పోయాయట. బావగారి వకీలుకూ అందింది, ఆయన ఇంకా ఇంట్లో చెప్పినట్టు లేదు. ఇంట్లోవాళ్ళ బాకీ దాచిపెట్టి తమవాళ్ళకు లోపాయికారీగా ఇచ్చుకుంటున్నారని ఎదురింటామె తరఫు వకీలు అప్పుడే అభ్యంతరం రాసి పెట్టాడు. వాయిదా నాటికి అందులో గుడ్డ సంచి గురించి కూడా చేరింది.

"ఆ రోజు నేను చెప్పబోయింది ఇదే అమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

వాయిదా రోజు అక్కను బోనెక్కించారు. ఇంట్లో బాకీ లేదని ఎందుకు చెప్పించావు అని అడిగితే, తప్పయిపోయింది అని చేతులు జోడించింది. నేను వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాను. బస్సు కిటికీ పక్కన ఊహించుకున్న ముఖం ఇదే. చూడలేక తల దించుకున్నాను. కమ్మలు పుట్టింటివని చూపే కాగితం ఆమె దగ్గరా లేదు, ఆ డబ్బు కోర్టులో కట్టమన్నారు. అది ఇరవై నాలుగు మందికి, ఎవరి బాకీని బట్టి వాళ్ళకు పోతుంది. బ్యాంకు వాటా పోను నాకు ఎంత రావచ్చో మా వకీలు వేళ్ళ మీద లెక్క చెప్పాడు. మా అమ్మాయికి ఒక నెల హాస్టలు భోజనానికి సరిపోతుంది.

ఫీజుకు మా రెండు మగ్గాల్లో ఒకటి అమ్మాం. మగ్గం ఎత్తుకుపోతుంటే గోడ అవతల నుంచి అక్క చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఆమె లెక్కపెడుతుందేమో చప్పుళ్ళు. లేదు, ఆమె అలాంటిది కాదు.

మగ్గం పోయిన వారానికి పోస్టుమాన్ మా గేటు ముందు సైకిల్ ఆపాడు. నవ్వు ముఖంతో, "ఈ తూరి నీకు ఉండాదమ్మా!" అన్నాడు, పాపం, నాకు మంచి వార్త తెచ్చినట్టు. సంతకం పెట్టాను. ఎదురింటామె చూస్తోంది. లోపలికి వెళ్ళి కవరు చించాను. నా పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. ఇరవై మూడు పూలమ్మే ముసలామె. దాని కింద ఇరవై నాలుగు నేను.

పెద్ద ఇల్లు బ్యాంకువాళ్ళు తీసేసుకున్నారు. అక్కవాళ్ళు ఇప్పుడు రైల్వే గేటు వైపు రెండు గదుల్లో ఉంటున్నారు. ఆమె కూడా పావడాలు కుడుతోంది. సరుకు ఇచ్చే దగ్గర ఇద్దరం కలుస్తాం, ఆమె "తిన్నావా మే" అని అడుగుతుంది. చెవుల్లో వేపపుల్లలు అలాగే ఉన్నాయి. ఆమె దగ్గర ఇప్పుడు కమ్మల్లేవు, మేడ లేదు, కారు లేదు. అయినా నాకు ఆమె మీద కుళ్ళు పోలేదు, ఇంకా ఎక్కువైంది. అంత అప్పులో మునిగి, వకీలు ముందు కూర్చుని పేర్లు చెబుతూ, నా పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగగలిగింది. ఆమె స్థానంలో నేను ఉంటే, మొట్టమొదట ఆమె పేరే రాయించి ఉండేదాన్ని.